పదకొండో వరుసకి జ్వరం

అద్దం మీద పడ్డ నీళ్ళు చుయ్యిమన్నాయి.

ఉదయం పదిన్నర. ఏడో వరుస, పన్నెండో ప్యానెల్. పెద్దకోడలు పైపు వెనక్కి లాగి, ఆవిరి పోయేదాకా ముఖం పక్కకి తిప్పుకుంది. కాలిన పెనాన్ని తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టకూడదని వంట రానివాళ్ళకి కూడా తెలుసు. ఇక్కడ హుకుం వేరు. నల్లగా నిగనిగలాడుతూ, వరుసకి ఇరవై ఆరు చొప్పున, నలభై రెండు వరుసల సోలార్ ప్యానెళ్ళు గుట్టవాలంతా పరుచుకుని ఉన్నాయి. రోడ్డు మీద బస్సులో పోయేవాళ్ళకి అది చెరువులా కనిపిస్తుందట. దగ్గర నుంచి చూసేవాళ్ళకి మాత్రం ఎంత తోమినా తరగని అంట్లు. తోమేవాళ్ళు ఆరుగురు ఆడవాళ్ళు.

“అక్కా, నీళ్ళు అద్దానికి పొయ్యి. నా కాళ్ళకి కాదు,” అంది చిన్నకోడలు, పొడుగాటి అల్యూమినియం గొట్టానికి బిగించిన వైపర్‌ని పైకి తోస్తూ.

“నీ కాళ్ళకీ దుమ్ముంది కదా అని పోశా.”

“వాటికి వేరే కూలి ఇస్తానన్నారా?”

“ఎన్ని యూనిట్లిస్తాయో చెప్పు, అడిగి చూస్తా.”

చిన్నకోడలు ముక్కుతో నవ్వింది. కాళ్ళు రెండూ చీలమండల దాకా బురదలో ఉన్నాయి. రబ్బరు బూట్లు ఇస్తామని కంపెనీవాళ్ళు కాగితం మీద రాసుకున్నారు. కాగితం భద్రంగా ఉంది.

ఇద్దరూ తోడికోడళ్ళు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. ఇంట్లో వారానికి రెండు రోజులు మాటలుండవు. ఇక్కడ అలా కుదరదు. పైపు పట్టినామె, వైపర్ పట్టినామె మాట్లాడుకోకపోతే ఒక్క అద్దం కూడా శుభ్రపడదు. అందుకని అలకలు గేటు బయట దించేసి లోపలికొస్తారు. ఇంటికి వెళ్ళేటప్పుడు మరిచిపోకుండా ఎత్తుకుపోతారు. కూలి రోజుకి నాలుగు వందల ఇరవై. మొదటి పద్నాలుగు వరుసలూ వీళ్ళ వంతు.

పోయిన వారం దాకా ఈ పని తెల్లారకముందే అయిపోయేది. నాలుగున్నరకి వచ్చి, ఏడు దాటకుండా ముగించేవాళ్ళు. పొద్దు పొడవకముందు ప్యానెళ్ళు నిద్రలో ఉంటాయి, వాటిలో కరెంటు ఉండదు. ఎండ పడిందా, ఇక ఆపేవాడు లేడు; స్విచ్చు తీసినా సూర్యుణ్ణి తీయలేం కదా. ఈ సంగతి వాళ్ళకి నేర్పింది అంతకుముందు ఈ ఆరుగురి మీద పెద్దగా ఉన్న ముసలి మేట్. ఎడమచేతి రెండు వేళ్ళకి స్పర్శ పోగొట్టుకుని మొన్న చలికాలంలో పని మానేసింది. వెళ్ళేముందు అందరినీ కూర్చోబెట్టి మరీ చెప్పింది.

“వరుస మొదలెట్టేముందు చెయ్యి తిరగేసి ఇనప చట్రాన్ని ముట్టుకోండే. అరచేత్తో పట్టుకుంటే అది మిమ్మల్ని పట్టుకుంటుంది. వేళ్ళు ముడుచుకుపోతాయి, వదిలించుకోలేరు. వెనక వైపుతో ముట్టుకుంటే విదిలించి పారేస్తుంది. దెబ్బ తగులుతుంది, కానీ మనిషి మిగులుతుంది.”

పసిబిడ్డ నుదుటి మీద చెయ్యి తిరగేసి వేడి చూస్తామే, అలాగ. అందుకే ఆడవాళ్ళు దానికి జ్వరం చూడడమని పేరు పెట్టుకున్నారు. ‘ఆరో వరుసకి జ్వరం చూశావా?’ ‘చూశా, చల్లగా ఉంది.’ అంతే. ఈ పద్ధతి కంపెనీ కాగితాల్లో లేదు. కాగితంలో బూట్లున్నాయి.

తెల్లారి కడిగితే ఎండెక్కేసరికి మళ్ళీ దుమ్ము పడుతోందని పనివేళ మార్చింది శాతం సారు. ఆయన సూపర్‌వైజరు. శాతాల్లో తప్ప మాట్లాడడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఒకామె కడుపునొప్పి అని సెలవడిగితే, “పని చెయ్యలేనంత నొప్పా? డెబ్బై శాతం చెయ్యగలవా?” అని అడిగిన మనిషి. ఎండతో వ్యాపారం చేసేచోట పని చేస్తూ, ఎండ పొడ పడకుండా ఎప్పుడూ నల్ల గొడుగు వేసుకుని తిరుగుతాడు. ఆయన భయం ఆయనది. గురువారం నాడు కొనేవాళ్ళు వస్తున్నారు. ఈ గుట్టనీ, అద్దాలనీ, తీగల్నీ మొత్తంగా ఇంకో పెద్ద కంపెనీకి అమ్మేస్తున్నారు. ఆ రోజు గేటు దగ్గరి ఎర్రంకెల బోర్డు మీద రెండు వేల ఆరు వందల యూనిట్లు కనిపించకపోతే ఆయన ఉద్యోగం వంద శాతం పోతుంది.

ఆ రెండు వేల ఆరు వందలు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, ఒక గాజుబుడ్డి చెప్పింది. ప్యానెళ్ళ కంటే ముందు ఈ గుట్ట మీదికి వచ్చింది అదే. అరచేతిలో ఇమిడేంత, బోడిగుండులా నున్నగా ఉంటుంది. కర్ర మీద బిగించి ఏడాది పాటు ఎండ కొలిచారు. తర్వాత టెంటు వేసి, కుర్చీలు పరిచి, ‘చుట్టుపక్కల ఎక్కడా మీ ఎండంత మంచి ఎండ లేదు, చదరపు మీటరుకి రోజుకి ఐదున్నర యూనిట్లు’ అని ప్రకటించారు. పుట్టినప్పటినుంచీ ఆ ఎండని తిట్టుకుంటూ బతికిన జనం చప్పట్లు కొట్టారు. “ఇంత విలువైందని తెలిస్తే ఇన్నాళ్ళూ బట్టలారేసి పాడుచేసేదాన్ని కాదు,” అంది ఈ తోడికోడళ్ళ అత్తగారు. ఇంటికొక చిన్న ప్యానెల్, ఒక బల్బు ఉచితంగా ఇచ్చారు.

గాజుబుడ్డి చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ అది కొలవడం అయిన ఆర్నెల్లకి గుట్టకి అవతల కంకర మిల్లు లేచింది. రెండింటి యజమానులూ చుట్టాలే: మిల్లు బావది, ప్యానెళ్ళు బామ్మర్దివి. బావ రాయి కొడితే ఆ పిండి గాలికి లేచొచ్చి బామ్మర్ది అద్దాల మీద కూర్చుంటుంది. రోజుకి రెండు వేల యూనిట్లు దాటడం గగనమైపోయింది. బంధువుల మధ్య మాటలు రాకూడదు కాబట్టి, తగ్గిన ఆరు వందల యూనిట్లకీ కారణం కడిగేవాళ్ళ బద్ధకమని తేల్చారు. ఈ తోడికోడళ్ళ మొగుళ్ళు, అన్నదమ్ములిద్దరూ, ఆ మిల్లులోనే పని చేస్తారు. మొగుళ్ళు పగలంతా లేపిన దుమ్ముని పెళ్ళాలు మర్నాడు కడుగుతారు. ఒక్క ఇంట్లో నలుగురికి పని కల్పించడానికి ఇంతకంటే పకడ్బందీ ఏర్పాటు ఎవరూ చెయ్యలేరు.

నెల కిందట శాతం సారు పెద్దకోడల్ని పిలిచి, “ఆ గాజుబుడ్డిని ఇక తుడవకు,” అన్నాడు. రోజూ పొద్దున్నే పసుపురంగు మెత్తటి గుడ్డతో దాన్ని తుడవడం ఆమె పని.

“ఎందుకు సార్?”

“సున్నితమైంది. గీతలు పడతాయి.”

రెండేళ్ళుగా పడని గీతలు ఇప్పుడెందుకు పడతాయో ఆమెకి రెండు రోజుల తర్వాత అంట్లు తోముకుంటుంటే అర్థమైంది. బుడ్డి మీద దుమ్ము ఉంటే అది ఎండని తక్కువగా చూపిస్తుంది. ఎండ బాగా ఉండి కరెంటు తగ్గితే తప్పు మనుషులది. ఎండే తక్కువైతే తప్పు సూర్యుడిది. సూర్యుడికి మెమో ఇవ్వలేరు. బుడ్డికి కళ్ళు మూశారన్నమాట. ఆమె గిన్నె బోర్లించి, ‘తెలివే!’ అనుకుంది. అప్పటికి అది నవ్వుకునే విషయంగానే ఉంది.

* * *

పదకొండో వరుస దగ్గరికి వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. చిన్నకోడలు చెమట తుడుచుకుని నీళ్ళ సీసా ఎత్తింది.

“అక్కా, సైరన్ మోగట్లేదు చూశావా? మన సెలవు పోయింది.”

పదకొండో వరుసలో ఎక్కడో తీగ తోలు ఊడింది. తడిస్తే చాలు, యంత్రాల గదిలో సైరన్ కుయ్యోమని మొత్తుకునేది, ఇన్వర్టర్ ఆగిపోయేది. ఆ వరుస ఆరేదాకా, కనీసం ఇరవై నిమిషాలు. ఎండలో కడగడం మొదలైన వారంలో ఆడవాళ్ళకి దొరికిన తీరిక అదొక్కటే. ‘పదకొండో వరుస సెలవు’ అని నీడన కూలబడేవాళ్ళు. శాతం సారు మాత్రం గొడుగుతో సహా గంతులేసేవాడు, యూనిట్లు కళ్ళముందే పోతుంటే.

నిన్న తడిపినా సైరన్ మోగలేదు. ఇన్వర్టర్ ఆగలేదు.

“బాగుచేసుంటార్లే,” అంది పెద్దకోడలు.

“ఏం బాగో. నిన్న వైపర్ ఆనించగానే మోచేతి దాకా చీమలు పాకినట్టయింది. నవ్వొచ్చింది.”

పెద్దకోడలు ఆమె వైపు తిరిగింది. “నిన్న అయిందా? నాకు చెప్పలేదేం?”

“నిన్న గేటు లోపల కూడా మనకి పనిమాట తప్ప మాటల్లేవుగా. కూర గిన్నె గొడవ.”

పెద్దకోడలు రెండడుగులు వెనక్కి వేసి, పైపు మూతికి బొటనవేలు అడ్డంపెట్టి తుంపరగా చట్రం మీదికి నీళ్ళు కొట్టింది. పైపు కింద పడేసింది. పొడిగా ఉన్నప్పుడు జ్వరం చూస్తే లాభం లేదు, దీనికి తడిస్తేనే వస్తుంది. చెయ్యి పైటకి తుడుచుకుని, తిరగేసి, చట్రానికి వేలికణుపులు తాకించింది.

చీమలు కాదు. మోచెయ్యి దాటి భుజంలోకి ఎవరో సుత్తితో కొట్టినట్టు దెబ్బ. చెయ్యి దానంతటదే ఎగిరి ఆమె ఛాతీకే తగిలింది. నాలుక మీద తుప్పు రుచి.

“అక్కా!”

“అక్కడే ఉండు. దాన్ని ముట్టుకోకు. ఆ గొట్టం కింద పెట్టు ముందు.”

అప్పుడు కనిపించింది ఆమెకి. ఇక్కడొక ఊరకుక్క ఉంది, కుంటిది. కడిగిన నీళ్ళు నిలిచి చల్లగా ఉంటుందని ఏడాదిగా పదకొండో వరుస నీడలోనే పడుకునేది. ఎంత అదిలించినా కదిలేది కాదు. ఇప్పుడది నాలుగు వరుసల అవతల, పదిహేనో దాని కింద, పొడినేల మీద పడుకుని వీళ్ళనే చూస్తోంది. పదకొండులో దాని పడక గుంట ఖాళీగా ఉంది.

ఆ పూట పదకొండు వదిలేసి పన్నెండుకి పోయారు. మర్నాడూ అంతే.

* * *

బుధవారం మధ్యాహ్నం తిండి వేళకి శాతం సారే వచ్చాడు, గొడుగు కింద.

“రోడ్డు మీద నుంచి చూశాను. అన్ని వరుసలూ మెరుస్తున్నాయి, మధ్యలో ఒకటి బూడిద రంగులో ఉంది. పళ్ళన్నీ తోముకుని ఒక పన్ను వదిలేసినట్టుంది. ఏమిటిది?”

“దానికి జ్వరంగా ఉంది సార్,” అంది పెద్దకోడలు.

“ఏముందీ?”

“తడిస్తే కొడుతోంది. నిన్న నా చెయ్యి విసిరేసింది.”

“తేమ. తడిచాక ఏ ఇనుముకైనా ఒకటి రెండు శాతం ఉంటుంది. ఇంట్లో ఫ్రిజ్జు ముట్టుకున్నా ఉంటుంది.”

“మా ఇంట్లో ఫ్రిజ్జు లేదు సార్. ఉంటే ఈపాటికి అలవాటయ్యేది.”

మిగతా నలుగురూ ముద్దలు నములుతూ కిందికి చూశారు. శాతం సారు గొడుగు ఇంకో భుజం మీదికి మార్చుకుని, చిన్నకోడలి వైపు తిరిగాడు. గొంతు మెత్తబడింది.

“చూడమ్మా, ముసలామె మానేశాక మేట్ పని ఖాళీగానే ఉంది. రోజుకి ఎనభై ఎక్కువ. చురుకైన మనిషి కావాలి. రేపు వచ్చేవాళ్ళ ముందు ఆ పదకొండో వరుస కడిగి చూపించు. ఎల్లుండి నుంచి నువ్వే మేట్‌వి.”

ఎనభై. నెలకి రెండు వేల నాలుగు వందలు. చిన్నకోడలి నోట్లో ముద్ద అక్కడే ఆగిపోవడం పెద్దకోడలు చూసింది.

ఆయన వెళ్ళాక పెద్దకోడలు లేచి చేతులు కడుక్కుని యంత్రాల గదికి నడిచింది. లోపల కరెంటు పని చూసే వైర్ల మనిషి ఒక్కడే ఉన్నాడు. ఫ్యాను కింద కూర్చుని టీ తాగుతున్నాడు. ఇన్వర్టర్లు తేనెపట్టులా గుయ్యిమంటున్నాయి. ఎప్పుడూ ఉండే మోతే అది. ఈ రోజెందుకో ఆమెకి వీపు మీద వినిపించింది.

“తమ్ముడూ, సైరన్ ఏమైంది?”

అతను గోడ మీదికి చూశాడు. ఆమె కూడా చూసింది. సైరన్ బూర నోట్లో ఒక గుడ్డ కుక్కి ఉంది. పసుపురంగుది, మెత్తటిది. గాజుబుడ్డిని తుడిచే గుడ్డ. తన చేత్తో ఉతికి ఆరేసింది.

“గుడ్డ ఒకటే కాదక్కా,” అన్నాడు అతను నెమ్మదిగా. “మోత ఆపడానికి గుడ్డ. మిషను ఆగిపోకుండా ఉండడానికి లోపల వైరు కలిపాను. ఇప్పుడు ఎంత లీకైనా అది ఆగదు.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్తారు?”

“మరి ఆ కరెంటు భూమిలోకి పోవాలిగా? ముసలామె చెప్పేది, ఏదో రాగి తీగ ఉంటుందని.”

“పదకొండులో ఆ తీగ లేదు. ఎవరో కోసుకుపోయారు. కొత్తది కావాలని మూడు సార్లు రాసిచ్చాను.”

“ఇస్తామని కాగితం మీద రాసుకున్నారా?”

“ఆఁ.”

“అయితే భద్రంగా ఉంటుందిలే.” ఆమె తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. “నువ్వైతే ముట్టుకుంటావా తమ్ముడూ, తడిచాక?”

“నాకిద్దరు పిల్లలక్కా.”

“మాకేమో కోడిపిల్లలున్నాయా?”

అతను గ్లాసులో మిగిలిన టీ తాగకుండా పారబోశాడు. చెడ్డవాడు కాదు. అందుకే ఆమెకి ఎక్కువ భయమేసింది. చెడ్డవాళ్ళైతే తిట్టి రావచ్చు. గాజుబుడ్డికి కళ్ళు మూశారు. సైరన్‌కి నోరు కుక్కారు. ఇక మిగిలినవి చేతులే.

* * *

ఇంట్లో ఉచిత బల్బు వెలిగింది. పగటి ఎండంతా తాగి అది ఎనిమిదింటి దాకా వెలుగుతుంది, తర్వాత కునుకు తీస్తుంది. దాని కింద అత్తగారు గింజలు ఏరుతోంది. అన్నదమ్ములిద్దరూ మిల్లు నుంచి వచ్చి, పిండిబొమ్మల్లా గుమ్మం బయట కూర్చుని తల దులుపుకుంటున్నారు.

“రేపు ఆ వరుస కడగొద్దు,” అంది పెద్దకోడలు, రెండు పొయ్యిల మధ్య నిలబడి.

చిన్నకోడలు వెనక్కి తిరగలేదు. “నీకు ఇస్తానంటే కడిగేదానివి.”

“ఏమిటీ?”

“మేట్ పని. వయసులో నువ్వు పెద్ద, పనిలో నువ్వు పెద్ద. నాకిస్తానన్నాడు. అప్పటికప్పుడు ఆ వరుసకి జ్వరమెక్కింది.”

“నీ మొన్నటి చీమలు మరి?”

“చీమలకి ఎవరూ చావరు. ఒక్కసారి, ఇరవై ఆరు అద్దాలు. పావుగంట. ఎనభై ఊరికే వస్తుందా అక్కా?”

“నిన్న నా చెయ్యి ఎగరడం చూశావుగా!”

“చూశా. నీ చెయ్యి ఎప్పుడూ కాస్త ఎక్కువే ఎగురుతుంది.”

గుమ్మం బయట నుంచి పెద్దాడు దగ్గి, “గొడవలు పెట్టుకోకండి. బామ్మర్ది దగ్గర మీరు నోరు చేసుకుంటే బావ దగ్గర మా పని పోతుంది,” అన్నాడు. తమ్ముడు పెళ్ళాం వంక ఒకసారి చూసి, మళ్ళీ చెప్పుల్లోంచి కంకర పొడి దులుపుకున్నాడు.

అత్తగారు చాటలోంచి తలెత్తింది. “అంత ముట్టుకోవాల్సిన పనైతే ఆ సారునే ముట్టుకోమనకపోయారా?” అని, పుచ్చు గింజ ఒకటి అవతల పారేసింది.

ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ ఇలాంటివి రోజుకి పది అంటుంది. పెద్దకోడలు మాత్రం బల్బు కునుకు తీసేదాకా ఆ మాట చుట్టూనే తిరిగింది. అవతలి పొయ్యి దగ్గర చిన్నది గిన్నెలు కావాలని చప్పుడు చేస్తోంది. ఆ చప్పుడు విన్నంతసేపు కోపంగా ఉంది. రేపటి నుంచి అది ఉండకపోతే అన్న ఆలోచన వచ్చాక కోపం ఎటు పోయిందో తెలియలేదు.

* * *

గురువారం ఆకాశంలో మచ్చలేదు. బోర్డు మీద పదకొండుకే పదమూడు వందలు దాటింది. కొనేవాళ్ళు పన్నెండుకి.

పదకొండున్నరకి శాతం సారు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, గొడుగు. వెంట వైర్ల మనిషి. పదకొండో వరుస అంచున నిలబడి చేత్తో చూపించాడు. “త్వరగా. వాళ్ళొచ్చేసరికి మెరవాలి.”

చిన్నకోడలు అప్పటికే అల్యూమినియం గొట్టం పట్టుకుని ఉంది. చేతికి చిరుగుల గ్లవుజు, కాళ్ళ కింద పాత బురద. తోడికోడలి వంక చూడలేదు. “నీళ్ళు పొయ్యక్కా,” అంది, గుమ్మం దగ్గర పరాయి మనిషితో మాట్లాడినట్టు.

పెద్దకోడలు పైపు ఎత్తింది. దూరంగా నిలబడి, మూతికి వేలు అడ్డంపెట్టి, వరుస ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిపింది. బూడిద కారి నల్లటి చారలు పడ్డాయి. చట్రం కింది అంచు నుంచి చుక్కలు రాలడం మొదలైంది. సైరన్ మోగలేదు. గుట్ట మీద ఏ చప్పుడూ లేదు, అవతలి మిల్లు రాళ్ళు నమలడం తప్ప. నలుగురు ఆడవాళ్ళూ తమ వరుసల్లోంచి బయటికొచ్చి చూస్తున్నారు. కుక్క పదిహేనులోంచి లేచి ఇంకా దూరం పోయింది.

చిన్నకోడలు గొట్టం పైకి లేపింది.

“ఆగవే.” పెద్దకోడలు పైపు కట్టేసి, ఆమెకీ వరుసకీ మధ్యకొచ్చి నిలబడింది. శాతం సారుకి దారి ఇస్తున్నట్టు పక్కకి జరిగి, మర్యాదగా చెయ్యి చాపి చట్రాన్ని చూపించింది.

“సార్, మీరొకసారి జ్వరం చూడండి.”

“ఏమిటీ?”

“ఒకటి రెండు శాతమే అన్నారుగా. మీ చెయ్యి పెట్టి చూసి చెప్పండి. అరచెయ్యి వద్దు, వెనక వైపు. మీరు ముట్టుకున్న మరుక్షణం మేం ఇరవై ఆరూ కడుగుతాం. మేట్ పని దానికే ఇవ్వండి. నాకేం బాధ లేదు.”

“టైము లేదమ్మా, ఇలాంటివాటికి...”

“అర నిమిషం సార్. నేను బూట్లు కూడా అడగట్లేదు. మీ కాళ్ళకున్నాయి కూడానూ.”

శాతం సారు నవ్వబోయాడు. గొడుగు ఎడమచేతికి మార్చాడు. కుడిచెయ్యి చాచాడు. చట్రానికి జానెడు దూరం దాకా ఆ చెయ్యి బాగానే వెళ్ళింది. అక్కడ ఆగింది. చట్రం అంచున ఒక నీటిచుక్క లావెక్కి, సాగి, ఆయన వేళ్ళ పక్క నుంచి జారి బురదలో పడింది. ఇంకో చుక్క తయారైంది. ఆయన నుదుటి మీద, గొడుగు నీడలోనే, చెమట పుట్టింది.

“నువ్వు చూపించవయ్యా,” అన్నాడు పక్కకి తిరక్కుండానే, వైర్ల మనిషితో.

“నా డ్యూటీ గదిలో సార్,” అన్నాడు వైర్ల మనిషి, ఒక అడుగు వెనక్కి వేసి.

శాతం సారు చెయ్యి కాసేపు గాల్లో ఉంది. తర్వాత, ఏదో మరిచిపోయినది వెతుక్కుంటున్నట్టు, ఇస్త్రీ ప్యాంటు జేబులోకి పోయింది. అక్కడే ఉండిపోయింది.

ఆ రోజు ఆ గుట్ట మీద ముందుగా కాదన్నది ఆయనే.

చిన్నకోడలు ఆ జేబు వంక చూస్తోంది. పైకెత్తిన గొట్టం చివర వైపర్ చట్రానికి రెండు మూరల దూరంలో ఆగి ఉంది. ఆమె ముఖంలో ఎనభై ఉంది, మొన్నటి చీమలున్నాయి, కూర గిన్నె గొడవ కూడా ఉంది. ఇంకొక్క మాటన్నా మంత్రం చెడిపోతుందేమో అన్నట్టు పెద్దకోడలు కదలకుండా నిలబడింది.

“అమ్మా, కానివ్వు,” అన్నాడు శాతం సారు. “మేట్‌వి నువ్వు.”

“మీ చెయ్యి బయటికి తీయండి సార్,” అంది చిన్నకోడలు.

ఆయన తీయలేదు.

ఆమె గొట్టాన్ని మెల్లగా, అద్దానికి తగలకుండా, తనవైపు వాల్చుకుంది. చిరిగిన గ్లవుజు ఊడదీసింది. రెండూ తీసుకెళ్ళి బురద దాటి పొడినేల మీద పెట్టి, అక్కడే చతికిలబడింది.

“కడగను,” అంది. కాళ్ళ బురద గీక్కుంటూ, “నీ వల్ల కాదక్కా. అలా అనుకోకు,” అంది.

“సర్లే,” అని పెద్దకోడలూ వచ్చి పక్కన కూలబడింది.

“ఆ కూర గిన్నె మాత్రం నాదే.”

ఎడంగా నిలబడ్డ నలుగురిలో ఒకామె తన వైపర్ కింద పెట్టింది. అల్యూమినియం రాయికి తగిలి ఖంగుమంది. తర్వాత రెండోది. “ఇవాళ్టి కూలి కట్. అందరికీ కట్. మిల్లులో కూడా చెప్తాను,” అంటున్నాడు శాతం సారు. మిల్లు మాట వినగానే తోడికోడళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సాయంత్రం గుమ్మం దగ్గర ఇద్దరు పిండిబొమ్మలకి చెప్పాల్సినది గుర్తొచ్చింది. ఎవరూ లేవలేదు.

కింద గేటు దగ్గర హారన్ వినిపించింది. రెండు తెల్లకార్లు దుమ్ము రేపుకుంటూ లోపలికి మలుపు తిరిగాయి. బోర్డు మీద ఎర్రంకె పదిహేను వందల నలభై దాటి ఎక్కుతూనే ఉంది. నలభై ఒక్క వరుసలు కళ్ళు మిరుమిట్లు గొలుపుతున్నాయి. పదకొండోది తడిగా, నల్లటి చారలతో, చుక్క చుక్కగా కారుతోంది.

ముందు కారు దిగిన ఒకాయన, నల్లకళ్ళజోడు తీసి, ఆ వరుస వైపే నడిచి వస్తున్నాడు. వస్తూ వస్తూనే, అద్దాన్ని తడిమి చూద్దామని కాబోలు, అరచెయ్యి ముందుకి చాపాడు.

పెద్దకోడలు లేచి పరిగెత్తింది.